సూదికి ఐదు స్టార్లు, సంతకానికి రెండు

నాన్నగారి కుడి ఊపిరితిత్తిలో గడ్డ కనిపించింది, టీబీయో క్యాన్సరో తేలాలంటే సీటీ గైడెడ్ బయాప్సీ, అంటే స్కాన్‌లో చూస్తూ సూదితో గడ్డ నుంచి ముక్క తీసే పరీక్ష, చేయాలన్నారు. పోయిన నెల హైదరాబాద్‌లో ఒక పెద్ద హాస్పిటల్లో చేయించాం, పేరు రాయను.

రేడియాలజిస్ట్ గారికి వంక పెట్టడానికి లేదు. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే క్లోపిడోగ్రెల్ మాత్ర ఐదు రోజుల ముందే ఆపించారు, సూది దించే ముందు ఊపిరి ఎంత తీసుకుని ఆపాలో నాన్నతో నాలుగుసార్లు ప్రాక్టీస్ చేయించారు. తీసిన ముక్కల్లో కొన్ని ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే రసాయనం), ఒకటి విడిగా సెలైన్‌లో (ఉప్పునీరు) వేశారు. ఫార్మలిన్‌లో వేస్తే టీబీ క్రిమి చచ్చిపోతుంది, ఇక కల్చర్‌కి, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్షకి, పనికిరాదట.

నా గొడవంతా కన్సెంట్ ఫారంతోనే. నాన్నని స్ట్రెచర్ ఎక్కించాక నా చేతికిచ్చారు, మొత్తం ఇంగ్లీషు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరొచ్చని, కొందరికి ట్యూబ్ వేయాల్సి వస్తుందని ముందే చెప్పారు, సరే. కానీ కింద ఎయిర్ ఎంబాలిజం, డెత్ అని చూసి అడిగితే జూనియర్ డాక్టర్ "అవి ఫార్మాలిటీ సార్, పెట్టేయండి" అన్నాడు. ఫార్మాలిటీ ఏంటండీ? సూది దారిలో గాలి బుడగ ఊపిరితిత్తి సిరలోకి దూరిందంటే గుండె ఎడమ వైపుకి వచ్చి అక్కణ్ణుంచి మెదడుకో, గుండె రక్తనాళాలకో పోతుంది, ఫిట్స్, పక్షవాతం, గుండెపోటు ఏదైనా రావచ్చు. నిజమే, చాలా అరుదు. జపాన్‌లో 9,783 బయాప్సీలు లెక్క చూస్తే ఇలా ఆరుగురికే జరిగింది, తీవ్రమైన సమస్యలన్నీ కలిపినా 74. ఆ అంకె చెప్పుంటే నా టెన్షన్ సగం తగ్గేది.

పైగా దగ్గొద్దు, లేవొద్దు అనేది కొంత ఇందుకే కదా. నాన్న నడుం నొప్పని లేవబోతే నర్సు కసిరింది తప్ప కారణం చెప్పలేదు, తెలిసుంటే ఆయన కదిలేవారే కాదు.

రెండో ఎక్స్‌రేలో అంచున కాస్త గాలి కనిపిస్తే ఆక్సిజన్ పెట్టి రాత్రికి ఉంచారు, ట్యూబ్ అవసరం పడలేదు. ఆ రాత్రి రూమ్ ఛార్జీ ప్యాకేజీలో లేదట, అది డిశ్చార్జ్ కౌంటర్ దగ్గర తెలిసింది.

రిపోర్ట్ టీబీ అని వచ్చింది. పట్టించింది సెలైన్‌లో వేసిన ఆ ఒక్క ముక్కే.