ఈ2 ఎంజైమ్‌కు ఏది మేలు: స్ఫటికమా, ఎన్‌ఎమ్‌ఆరా?

ఏటా కొత్త పీహెచ్‌డీ విద్యార్థులు చేరే వేళకు నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "సుమో ఎంజైమ్‌ల మీద పని చేయాలనుంది సార్, స్ఫటికాలు నేర్చుకోమంటారా, ఎన్‌ఎమ్‌ఆర్ నేర్చుకోమంటారా?" సుమో అంటే కణంలో ఇతర ప్రొటీన్లకు తగిలించే చిన్న ప్రొటీన్. ఈ1 ఎంజైమ్ దాన్ని ఈ2కు అందిస్తే, ఈ3 సాయంతో ఈ2 దాన్ని అసలు ప్రొటీన్‌కు అతికిస్తుంది. సుమోకు ఈ2 యూబీసీ9. స్ఫటిక పద్ధతిలో ప్రొటీన్‌ను స్ఫటికంగా మార్చి ఎక్స్-రేలతో ఆకారం చూస్తాం, ఎన్‌ఎమ్‌ఆర్‌లో ద్రావణంలోనే అయస్కాంతంతో చూస్తాం. మొన్ననే నా సొంత పనికి ఎన్‌ఎమ్‌ఆర్‌ను ఎంచుకున్నాను కాబట్టి నా మొగ్గు ఎటో దాచను.

స్ఫటికానికి దక్కాల్సిన గౌరవం దక్కాలి. 2005లో వచ్చిన సుమో, రాన్‌గ్యాప్1 (సుమో తగిలే ప్రొటీన్), యూబీసీ9, నప్358 (ఇక్కడి ఈ3)ల నిర్మాణం చూడండి. ఈ3 అటు సుమోను, ఇటు యూబీసీ9ను ఎలా ఒడిసి పట్టుకుందో పరమాణువుతో సహా కనిపిస్తుంది. అంత తేట ఎన్‌ఎమ్‌ఆర్‌కు రాదు.

అయినా నా లెక్కలో తేల్చేది తేటదనం కాదు, పట్టు ఎంత వదులుగా ఉందన్నదే. ఈ2 మీద ఈ1 కూర్చునే చోటు, ఈ3 కూర్చునే చోటు చాలావరకు ఒక్కటే. ఈ1 చెయ్యి వదిలితే తప్ప ఈ2 వెళ్లి ఈ3ని చేరలేదు. గట్టిగా అతుక్కుంటే పనే సాగదు. అందుకే చాలా రింగ్ రకపు ఈ3లు ఈ2ను పట్టుకునే బలం పదుల, వందల మైక్రోమోలార్లలో ఉంటుంది (ఈ అంకె ఎంత పెద్దదైతే పట్టు అంత వదులు). తామరాకు మీద నీటిబొట్టు చందం. ఇలాంటి జంటను స్ఫటికంలో కూర్చోబెట్టాలని ఎనిమిది నెలలు ట్రేలు పెట్టాను. చివరికి ముచ్చటైన స్ఫటికాలే వచ్చాయి. డేటా తీసి చూస్తే లోపల ఉన్నది ఈ2 ఒక్కటే. పెళ్లిపీటల మీద వరుడొక్కడే!

యూబీసీ9లో ఉన్నవి 158 అమైనో ఆమ్లాలు, బరువు 18 కిలోడాల్టన్లు. ఎన్‌ఎమ్‌ఆర్‌కు సరిగ్గా సరిపోయే ప్రొటీన్. నైట్రోజన్-15 (ఎన్‌ఎమ్‌ఆర్‌కు బాగా కనిపించే నైట్రోజన్) ఉన్న అమ్మోనియం క్లోరైడ్ వేసిన ఎం9 అనే పోషక ద్రావణంలో బ్యాక్టీరియాను పెంచితే, ప్రోలిన్లు పోను దాదాపు ప్రతి అమైనో ఆమ్లానికీ హెచ్‌ఎస్‌క్యూసీ అనే ఎన్‌ఎమ్‌ఆర్ చిత్రంలో ఒక చుక్క వస్తుంది. నైట్రోజన్-15 లేబుల్ లేని ఈ3ని కొద్దికొద్దిగా కలుపుతూ పోతే, అది తాకిన చోటి చుక్కలు పక్కకు జరుగుతాయి. ఆ జరుగుడు నుంచే కేడీ (పట్టు బలం చెప్పే అంకె) కూడా రాబట్టవచ్చు. సుమో యూబీసీ9 వెనుక వైపున, అతికించే పని జరిగే సిస్టీన్93కు దూరంగా, రసాయన బంధం లేకుండానే అంటుకుంటుందని 1999లోనే ఎన్‌ఎమ్‌ఆర్ పసిగట్టింది. స్ఫటిక చిత్రాలు 2007లో వచ్చాయి.

చిక్కులు లేవని కాదు. చుక్క జరిగినంత మాత్రాన అక్కడే తాకినట్టు కాదు, దూరపు కుదుపు కూడా కావచ్చు. కలయిక వేగం అటూ ఇటూ కాకుండా ఉంటే చుక్కలు మాయమైపోతాయి. ఇక మే ఎండలో హైదరాబాద్‌లో తార్నాక నుంచి గోపనపల్లిలోని ఎన్‌ఎమ్‌ఆర్ యంత్రం దగ్గరికి నమూనాల ఐస్ డబ్బా ఒళ్లో పెట్టుకుని చేసే ప్రయాణం వేరే కథ.

క్రయో-ఈఎమ్ (గడ్డకట్టించిన ప్రొటీన్లను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసే పద్ధతి) అంటారా, ఈ2 ఒంటరిగా దానికి మరీ చిన్నది. సుమో ఈ1 సుమారు 110 కిలోడాల్టన్లు. నెడ్8 (సుమోలాంటి మరో చిన్న ప్రొటీన్) తగిలిన కల్లిన్ (ఒక రకం ఈ3) సముదాయాలు ఇంకా పెద్దవి. అవి మీ చేతిలో ఉంటే నేరుగా అటే వెళ్లండి. ప్రొటీన్ ఆకారాన్ని ఊహించే ప్రోగ్రామ్ ఆల్ఫాఫోల్డ్‌ను ఎలాగూ సాయంత్రం నడిపి పెడతారు, పెట్టండి. కేడీ మాత్రం దాన్ని అడగకండి.

ఈ2, ఈ3 జంట అయితే ముందు నైట్రోజన్-15 కొనండి. యూబీసీ9 చుక్కల్లో ఏది ఏ అమైనో ఆమ్లానిదో ఇప్పటికే అచ్చయి ఉంది కాబట్టి, ఆ పోల్చుకునే పనికి వాడే కార్బన్-13 గ్లూకోజ్ జోలికి ఇప్పుడే పోవద్దు. దాని బిల్లు చూస్తే మీ గైడుకు వారం రోజులు నిద్ర పట్టదు.