పెద్దవాళ్ల దిగులుకు వైద్యం: బీమా కార్డా, జిల్లా ఆస్పత్రా, ఊళ్లో ఆశా కార్యకర్తా?

70 ఏళ్లు దాటినవారందరికీ ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం 2024 అక్టోబరులో మొదలైంది. గుండెకో మోకాలికో ఆపరేషన్ పడితే అది నిజంగానే ఆదుకుంటుంది. కానీ ఆ కార్డు ఆస్పత్రిలో చేరితేనే పనిచేస్తుంది. భర్త పోయాక అన్నం సయించక, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చునే పెద్దావిడను ఆస్పత్రిలో పడుకోబెట్టి చేసేదేముంది? ఆమెకు కావలసింది నెలనెలా ఓపీలో చూసి మాత్రలు రాసే డాక్టరు, పక్కన కూర్చుని మాట్లాడే మనిషి. వాటికి ఈ కార్డు డబ్బివ్వదు.

జిల్లా ఆస్పత్రి కొంత నయం. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి ఉంది. వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం 2010లో వచ్చింది, దాని కింద పది పడకల వార్డు ఉండాలి. చిక్కల్లా, ఇవి రెండూ వేర్వేరు పథకాలు. వృద్ధుల ఓపీలో బీపీ, షుగరు, కీళ్లనొప్పులు చూసి పంపేస్తారు, దిగులు సంగతి అడిగేవారు తక్కువ. మతిమరుపు ముదిరినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా ఆస్పత్రికి వెళ్లి తీరాలి, అందులో రెండో మాట లేదు. మిగతావాళ్లను మాత్రం నెలనెలా తీసుకెళ్లాలంటే కొడుకో కూతురో ఒక రోజు కూలి వదులుకోవాలి. రెండు నెలలు తిరిగి మానేస్తారు.

మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్ (నంబరు 14416) ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. పెద్దవాళ్లను చూసుకుంటూ టెన్షన్‌తో నలిగిపోయే పిల్లలకు బాగా పనికొస్తుంది. చెవులు సరిగా వినపడని తాతయ్యకు ఫోను సరిపోదు.

నన్నడిగితే మొదటి రూపాయి ఊళ్లోనే పెట్టాలి. ఆశా కార్యకర్త నింపే ఫారంలో అడగాల్సినవి ఇప్పటికే ఉన్నాయి: గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి పోయిందా, మనసు దిగులుగా ఉందా, అయినవాళ్ల పేర్లు మరిచిపోతున్నారా అని. కేంద్రం లెక్కలో ఆ ఫారానికి ఇచ్చేది 10 రూపాయలు. ఆ డబ్బుకు అరుగు మీద అరగంట కూర్చుని ఎవరు అడుగుతారు? గడులు నింపేసి వెళ్లిపోతే ఆమెది తప్పనలేం.

డాక్టర్లు కానివాళ్లు ఈ పని చేయగలరా అన్న అనుమానానికి గోవాలో జవాబు దొరికింది. అక్కడ 60 దాటి, దిగులు లక్షణాలు అప్పుడప్పుడే కనిపిస్తున్న 181 మందితో చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. శిక్షణ పొందిన మామూలు మనుషులే సమస్యలు ఎలా పరిష్కరించుకోవాలో, నిద్ర ఎలా సరిచేసుకోవాలో కొందరికి నేర్పారు. ఏడాది తిరిగేసరికి వాళ్లలో పెద్ద డిప్రెషన్‌లో పడింది 4.4 శాతం. ఆ సాయం అందనివాళ్లలో 14.4 శాతం.

అయితే ఆశా ఒక్కతే చాలదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికోసారి వృద్ధుల క్లినిక్ జరగాలని నిబంధన ఉంది. ఆ రోజు డిప్రెషన్ మాత్రలు అక్కడే దొరకాలి, జిల్లా మానసిక వైద్యులు నెలకోసారైనా అక్కడికి రావాలి. ఆశాకు ఫారానికి కాకుండా ఆమె వెచ్చించే గంటలకు డబ్బు కట్టాలి. కొత్త వార్డులకు నిధులు ఆ తర్వాత అడగొచ్చు.