లాస్ వేగస్‌లో పెళ్లి: కౌంటీ ఆఫీసు బంగారం, చాపెల్ దగ్గరే జాగ్రత్త

చెల్లి పెళ్లికి లాస్ వేగస్ వెళ్లొచ్చాం. విమానం, హోటలు, ఊరు అన్నీ బాగానే ఉన్నాయి. ఇది రాస్తున్నది పెళ్లి జరిపించిన చాపెల్ (డబ్బు తీసుకుని పెళ్లిళ్లు చేయించే చిన్న ప్రైవేటు మందిరం) గురించి. అక్కడికి వెళ్లే మనవాళ్లు ఇంకెవరూ వాళ్ల చేతిలో పడకూడదు.

ముందు మంచి సంగతి. పెళ్లి లైసెన్సు ఇచ్చేది క్లార్క్ కౌంటీ మ్యారేజ్ లైసెన్స్ బ్యూరో. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, లాస్ వేగస్ ఉన్నది ఇందులోనే. పొద్దున 8 నుంచి అర్ధరాత్రి 12 దాకా, ఆదివారాలు కూడా తెరిచే ఉంటుంది. అప్లికేషన్ ఆన్‌లైన్‌లో నింపేసి, రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా వెళ్లాం. వధూవరులిద్దరూ స్వయంగా రావాలి, పాస్‌పోర్టు చాలు, ఫీజు 102 డాలర్లు. రక్తపరీక్ష లేదు, ఆగాల్సిన గడువు లేదు, అమెరికా పౌరులు కానక్కర్లేదు. అబ్బాయికిది రెండో పెళ్లి. విడాకుల కాగితాలు అడుగుతారేమోనని చెల్లి దారి పొడుగునా కంగారుపడుతూనే ఉంది. విడాకులు ఎప్పుడు, ఏ ఊళ్లో అని మాత్రమే అడిగారు. కౌంటర్లో ఆవిడ మా పొడుగాటి ఇంటిపేరును అక్షరం అక్షరం చదివించుకుని, సరిచూసుకున్నాకే సంతకం పెట్టమంది. ఆ ఓపికకు దణ్ణం పెట్టాలి. లైసెన్సు ఏడాది పాటు చెల్లుతుంది.

ఇక చాపెల్. ఫోన్లో ‘అన్నీ కలిపి 349 డాలర్లు’ అన్నారు. తీరా వెళ్లాక పెళ్లి జరిపించే ఆయనకు 60 విడిగా, కారు డ్రైవరుకు 40 విడిగా అన్నారు. పైగా సాక్షి ఫీజు 25! నేనూ మావారూ ఎదురుగా నిలబడే ఉన్నాం. అక్కడి చట్టానికి, పెళ్లి జరిపించే మనిషి కాక ఒక్క సాక్షి ఉంటే చాలు. ఎప్పుడూ గొంతు పెంచని మావారు ఆ ఒక్కదానికి మాత్రం గట్టిగా అడిగి తీయించారు. ఫొటోలు నాలుగు ప్రింట్లే ఇస్తారట, మిగతావి కావాలంటే 150. పెళ్లిబట్టల్లో ఉన్న పిల్ల ముందు బేరాలెందుకని కట్టేశాం.

అసలు మోసం ఆ తర్వాత. బంగారు అంచున్న కాగితం ఒకటి చేతిలో పెట్టి ‘ఇదే మీ మ్యారేజ్ సర్టిఫికెట్’ అన్నారు. కానే కాదు, అది గోడకు తగిలించుకునే జ్ఞాపిక. పెళ్లి జరిపించినవాళ్లు 10 రోజుల్లోగా కౌంటీ క్లర్కుకు, అంటే పెళ్లి రికార్డులు చూసే అధికారికి, కాగితాలు పంపాలి. అవి రికార్డులోకెక్కాక 20 డాలర్లు కట్టి తీసుకునే సర్టిఫైడ్ కాపీయే అసలు సర్టిఫికెట్. గడువు దాటినా చెల్లి పేరు కౌంటీ వెబ్‌సైట్‌లో కనపడలేదు. చాపెల్‌కు ఫోన్ చేస్తే ‘పంపేశాం’ అన్నారు. కౌంటీవాళ్లను అడిగితే ఏమీ రాలేదన్నారు. చెల్లి అన్నం మానేసి ఏడ్చింది. క్లర్కు ఆఫీసులో ఫిర్యాదు చేస్తామని నేను గట్టిగా చెప్పాకే కాగితాలు కదిలాయి.

కాబట్టి వెళ్లేవాళ్లు చాపెల్ ధరలన్నీ ఈమెయిల్లో రాయించుకోండి. కౌంటీకి కాగితాలు ఏ రోజు పంపుతారో అందులోనే అడగండి. ఆడంబరం అక్కర్లేదనుకుంటే కౌంటీవాళ్ల సివిల్ మ్యారేజెస్ ఆఫీసులోనే చేసుకోండి. నేనైతే అదే చేయమంటాను. సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోండి. ఇండియాలో చూపించడానికి ఒకదాని మీద నెవాడా రాష్ట్ర (లాస్ వేగస్ ఉన్న రాష్ట్రం) సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో అపోస్టిల్, అంటే కాగితం అసలైనదేనని విదేశాల్లో చెల్లే ధ్రువీకరణ, వేయించుకోవాలి, దానికి 20 డాలర్లు. బంగారు అంచు కాగితం మీద అపోస్టిల్ వేయరు.

150 డాలర్ల ఫొటోలు మాత్రం ఇప్పటికీ పంపలేదు. రోజూ అడుగుతూనే ఉన్నాం.