రెండున్నరేళ్ల తర్వాత: కుక్కపిల్ల కోసం కొన్నవాటిలో ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

2022 నవంబరు మొదటి వారంలో మా అపార్ట్‌మెంట్ మెట్ల కింద ఒక వీధి కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. ఆ నాలుగింటిలో రాగి చెంబు రంగులో ఉన్న ఆడపిల్లని మేం తెచ్చుకున్నాం. రంగు చూసి మా అత్తయ్యే దానికి రాగి అని పేరు పెట్టారు. ఇప్పుడు దాని బరువు 17 కిలోలు.

ఈ మధ్య మా తోటికోడలు కూడా ఒక పిల్లని తెచ్చుకుంటూ, "అక్కా, ఏమేం కొనాలి?" అని అడిగింది. కొట్లో అడిగితే చాంతాడంత లిస్టు చెబుతారు. నేను అప్పట్లో ఆ లిస్టంతా కొన్నాను. ఇన్నాళ్లు వాడాక ఏది నిలిచిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందుగా చెప్పాల్సింది డబ్బు పెట్టి కొనని విషయం. రాగిని మేం వెంటనే పైకి తెచ్చేయలేదు. ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచాం. అన్నాచెల్లెళ్లతో కొట్లాడుకునేటప్పుడు గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది. ఎంత గట్టిగా నోరు వేయాలో పిల్లలు నేర్చుకునేది అక్కడే. నెల పిల్లని తెస్తే ఆ చదువు మన చేతుల మీద చెప్పాల్సి వస్తుంది. మేం ఆగిన ఆ రోజుల్లో తల్లికి రోజూ గుడ్డూ అన్నం పెట్టాం, ఇల్లు సర్దుకున్నాం.

సర్దుకోవడమంటే నేల మీద కూర్చుని చూడటం. దాని ఎత్తు నుంచి చూస్తే ఫోన్ ఛార్జర్ వైరు, మంచం కింద దోమల కాయిల్, ఎలకల మందు, బల్ల అంచున అత్తయ్య బీపీ మాత్రలు, వంటింట్లో ఉల్లిపాయల బుట్ట, అన్నీ దాని నోటికి అందేవే. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తంలో ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష కూడా విషమే. అన్నీ మూడడుగుల పైకి ఎక్కించాం. బాల్కనీ గ్రిల్ సందులకు కోళ్ల గూటికి వాడే ఇనుప వల కట్టించాం. 600 రూపాయలైంది. మాది రెండో అంతస్తు. మొత్తం ఖర్చులో ఇంత మనశ్శాంతి ఇచ్చింది మరొకటి లేదు.

కొన్నవాటిలో మొదటిది పరుపు, 1,800 రూపాయలు. పన్నెండు రోజుల్లో దూదంతా బయటికొచ్చింది. అత్తయ్య పాత చీరలతో కుట్టిన బొంత మడతపెట్టి వేస్తే దాని మీదే ఇప్పటికీ పడుకుంటోంది. పళ్లు రాలి కొత్తవి వచ్చేదాకా, అంటే ఏడు నెలలదాకా, ఎవరూ పరుపు కొనొద్దని నా మాట.

రెండోది క్రేట్, మడతపెట్టే ఇనుప బోను. ఇది కొనడానికి నాకు మనసొప్పలేదు. బోనులో పెట్టడమేంటని అత్తయ్య కూడా బాధపడ్డారు. మా పశువుల డాక్టరు గారు ఒకటే చెప్పారు: "తలుపు వేసి వెళ్లిపోకండమ్మా. తలుపు తీసే ఉంచి, అన్నం లోపలే పెట్టండి." అలాగే చేశాం. పైన దుప్పటి కప్పితే మెట్ల కింద తల్లితో ఉన్న చోటులాగే చీకటిగా, ఇరుగ్గా అనిపించిందేమో, వారంలో తనంతట తానే వెళ్లి పడుకోవడం మొదలుపెట్టింది. తలుపు వేసినా పగలు గంట, రెండు గంటలకు మించలేదు. ఇప్పుడు దీపావళి టపాసుల రాత్రి అది పరుగెత్తేది అందులోకే. పెద్దయ్యాక కూడా పట్టే సైజు తీసుకుని, చిన్నప్పుడు మధ్యలో అడ్డు పెట్టుకోవడం మంచిది. మరీ ఖాళీ ఉంటే ఒక మూల పడుకుని ఇంకో మూల ఉచ్చ పోస్తుంది.

ఉచ్చ పోయించడానికి అమ్మే ప్యాడ్లు మాత్రం మాకు అచ్చిరాలేదు. రెండు ప్యాకెట్లు చింపి ఆడుకుంది. పైగా ఇంట్లో గుడ్డ మీద పోయడం తప్పు కాదని దానికి మేమే నేర్పినట్టయింది, కాళ్లు తుడుచుకునే పట్టాలన్నీ తడిసేవి. పనిచేసింది బాల్కనీలో పరిచిన ప్లాస్టిక్ గడ్డి చాప, ఒక అలారం. పిల్లకి ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపి, అన్ని గంటలు ఆపుకోగలదని లెక్క. రెండు నెలల పిల్లంటే మూడు గంటలు. రాత్రి పన్నెండుకి, మూడుకి, ఆరుకి మా ఆయనా నేనూ వంతులేసుకుని లేచాం. నిద్ర లేవగానే, తినగానే, ఆట ఆపగానే చాప దగ్గరికి ఎత్తుకెళ్లడం. పోశాక ఒక చిన్న చికెన్ ముక్క. ఐదు వారాల్లో అలవాటైంది. నిద్ర లేక ఆ జనవరి అంతా తలనొప్పే, కానీ దీనికి దగ్గరి దారి నాకు కనబడలేదు. నేల తుడవడానికి ఫినాయిల్ మానేసి, ఉచ్చ మరకలకు అమ్మే ఎంజైమ్ క్లీనర్ తెచ్చాను. ఖరీదెక్కువే. ఫినాయిల్ వేస్తే మన ముక్కుకి వాసన పోతుంది, దాని ముక్కుకి పోదు, మళ్లీ అక్కడే పోస్తుంది. ఎంజైమ్ వేసిన చోట మళ్లీ పోయలేదు.

ఇక టీకాలు. ఇది రాయడం నాకు కష్టంగా ఉంది.

రాగి తోడబుట్టినవాటిలో ఒక నల్లటి మగపిల్ల మా వాచ్‌మన్ అన్న దగ్గరే పెరిగింది. రాగికి ఎనిమిదో వారంలో మొదటి టీకా వేయిస్తున్నప్పుడు దాన్నీ తీసుకెళ్తానన్నాను. ఎవరో ఆయనకి వీధి కుక్కలకి అవేమీ అక్కర్లేదు, గట్టిపిండాలు అని చెప్పారట. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. ఫిబ్రవరిలో దానికి వాంతులు మొదలయ్యాయి, తర్వాత రక్తంతో విరేచనాలు, భరించలేని వాసన. పార్వో, కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు. క్లినిక్‌లో మూడు రోజులు సెలైన్ ఎక్కించినా దక్కలేదు. వాచ్‌మన్ అన్న కూతురు దాని తాడు పట్టుకుని మెట్ల మీద కూర్చున్న సంగతి నేను మర్చిపోలేను.

ఆ తర్వాత డాక్టరు గారు వివరంగా చెప్పారు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ పిల్లలో కొన్ని వారాలు ఉంటుంది. అది ఉన్నంతసేపు టీకా సరిగ్గా పట్టదు, అది తగ్గిపోయాక పిల్లకి ఏ కాపలా ఉండదు. ఏ పిల్లకి ఎప్పుడు తగ్గుతుందో తెలియదు కాబట్టే పదహారు వారాలదాకా మూడు నాలుగు వారాలకొకటి చొప్పున వేస్తారు. ఒక్కటి వేయించి అయిపోయిందనుకోకూడదు. రాగికి ఎనిమిది, పన్నెండు, పదహారు వారాలకు కాంబో టీకా, అంటే పార్వోతో సహా కొన్ని జబ్బులకు కలిపి వేసేది, వేయించాం. మూడు నెలలు నిండాక రేబిస్. మళ్లీ ఏడాదికి బూస్టర్లు. నట్టల మందు మూడు నెలలదాకా పదిహేను రోజులకోసారి, ఆరు నెలలదాకా నెలకోసారి. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కి చావదు. ఒక వంతు బ్లీచ్‌కి ముప్ఫై వంతుల నీళ్లు కలిపి మెట్లన్నీ కడిగించాం. మూడో టీకా అయ్యేదాకా మా చెప్పులు గుమ్మం బయటే.

మనుషుల సంగతి కూడా. టీకా పడని పిల్ల పాలపళ్లతో ఆటగా గీరినా సబ్బుతో, ధారగా పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడుక్కుని డాక్టరుకి చూపించుకోవాలి. ప్రభుత్వాసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. మేమిద్దరం వేయించుకున్నాం. ఆ జబ్బు బయటపడితే మనిషి బతకడం దాదాపు ఉండదు. ఇందులో మొహమాటానికీ బద్ధకానికీ చోటు లేదు.

టీకాలు పూర్తయ్యేదాకా నేల మీద నడిపించలేదు గానీ, ఇంట్లోనే బంధించనూ లేదు. భుజానికి సంచి తగిలించుకుని అందులో కూర్చోబెట్టి రోజూ సాయంత్రం తిప్పాను. ఆటోలు, బస్సు హారన్, చేపల బజారు, బీచ్ రోడ్డులో జనం, అన్నీ చూపించాను. పద్నాలుగు వారాల లోపు చూసినవాటికి కుక్క పెద్దయ్యాక అంతగా బెదరదు. మేం చేసిన పొరపాటు సంక్రాంతికి వారం ముందు తేవడం. భోగినాడు ఇంటినిండా చుట్టాలు, ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పిల్ల. రెండు రోజులు అన్నం ముట్టలేదు. పండగ ముందు ఎవరూ తేవద్దు.

తిండి విషయంలో నేను మొదట విన్న సలహా పాలూ బ్రెడ్డూ. పాలు పోసిన రోజే విరేచనాలు. ఏడాదిదాకా కుక్కపిల్లల ప్యాకెట్ తిండి సగం, ఇంటి తిండి సగం పెట్టాం. ఉప్పు, కారం, ఉల్లి లేకుండా ఉడికించిన చికెన్, గుడ్డు, అన్నం, గుమ్మడికాయ ముక్క, వేసవిలో కొంచెం పెరుగు. ఉత్త అన్నం, మాంసంతో ఎదిగే ఎముకలకు చాలినంత కాల్షియం అందదు, అందుకే ప్యాకెట్ మానలేదు. ఉడికిన కోడి ఎముక ఒక్కటి కూడా వేయలేదు. అది సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. మూడు నెలలదాకా రోజుకి నాలుగుసార్లు, ఆరు నెలలదాకా మూడు, తర్వాత రెండు.

నాలుగో నెలలో పళ్లు రాలడం మొదలైతే కుర్చీ కాళ్లు, చెప్పుల వార్లు దేన్నీ వదల్లేదు. కూతపెట్టే బొమ్మలు నాలుగు కొంటే నాలుగూ చిరిగాయి, ఒకదాని ఈల మింగబోయింది. నిలిచింది లోపల తిండి కూరే గట్టి రబ్బరు బొమ్మ ఒకటే. తడిపి ముడేసి ఫ్రీజర్‌లో పెట్టిన పాత తువ్వాలు అంతకంటే బాగా పనిచేసింది.

పిడుదుల దగ్గర నేను బాగా దెబ్బతిన్నాను. మా వైపు గోమార్లు అంటారు. ఒక కొట్టులో ఇచ్చిన పౌడరు చల్లి ధీమాగా ఉన్నాను. 2023 జూలై వానల్లో రాగి ఉన్నట్టుండి తిండి మానేసింది, ఒళ్లు కాలిపోయింది. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, పిడుదుల జ్వరం. 28 రోజులు యాంటీబయాటిక్ వాడాక కోలుకుంది. ఇప్పుడు బరువును బట్టి డాక్టరు రాసిచ్చిన నమిలే మాత్ర నెలకోసారి. పిడుదు కుట్టి రక్తం పీల్చాక కొన్ని గంటల్లో చస్తుంది. ఒళ్లు ఎంత చూసినా సరిపోదు, అవి గోడ పగుళ్లలో, మంచం కోళ్ల సందుల్లో వేలకొద్దీ గుడ్లు పెడతాయి. పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్పించాం. ఆ మాత్ర ముందే మొదలుపెట్టి ఉంటే ఆ నెల ఉండేది కాదు.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ పదో నెలలో చేయించాం. కుట్లు నాకకుండా మెడకి వేసే ప్లాస్టిక్ గరాటుతో గుమ్మాలకి తగులుకుంటూ బెదిరిపోయింది. మా మేనల్లుడి పాత టీషర్టు తొడిగి నడుం దగ్గర ముడేస్తే హాయిగా పడుకుంది.

నడకకి మెడ బెల్టు బదులు ఛాతీకి వేసే హార్నెస్ తీసుకోండి. లాగినప్పుడు గొంతు నొక్కుకోదు. ఎదిగే కొద్దీ మార్చాలి, మేం మూడు మార్చాం. వేసవిలో అరచెయ్యి వెనకభాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే ఆ రోడ్డు మీద దాన్ని నడిపించకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మేం పొద్దున్న ఐదున్నరకే వెళ్లి వచ్చేస్తాం.

మొదటి ఏడాది అంతా కలిపి 40 వేల రూపాయలు దాటింది. అందులో సగం డాక్టరుకి, మందులకి. డబ్బు కంటే మనిషి దొరకడం కష్టం. మొదటి రెండు నెలలు ఇంట్లో ఒకరు ఉండి తీరాలి. మాకు అత్తయ్య ఉన్నారు. భార్యాభర్తలిద్దరూ పొద్దున్న వెళ్లి రాత్రి వచ్చే ఇల్లయితే, ఎనిమిది వారాల పిల్లని కాకుండా ఏడాది దాటిన కుక్కని తెచ్చుకోమని చెబుతాను.

జూలై 6 జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి జరిపే రోజు. ఆ రోజు ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఈసారి రాగితో పాటు దాని తల్లినీ తీసుకెళ్తున్నాం. అది ఇప్పటికీ మా మెట్ల కిందే ఉంటుంది. వాచ్‌మన్ అన్న కూతురు రోజూ సాయంత్రం దానికి హార్నెస్ తొడగడం అలవాటు చేస్తోంది, ఆ రోజుకి బెదరకుండా ఉండాలని.