పిల్లకి పియానో పాఠాలు: 61 కీల కీబోర్డా, 88 కీల డిజిటల్ పియానోనా?

విజయనగరంలో సంగీతం అనగానే వయొలిన్, వీణ, గాత్రం గుర్తొస్తాయి. 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు మరి! పియానో నేర్పించాలంటే మాత్రం, ఇంట్లో పిల్ల రోజూ దేనిమీద వాయిస్తుందో ముందు తేల్చుకోవాలి.

61 కీల కీబోర్డు చవక, తేలిక. చాలా మోడళ్లు బ్యాటరీలతోనూ నడుస్తాయి, కరెంటు పోయినా సాధన ఆగదు. మొదటి ఏడాది పాఠాలకు దాని ఐదు స్థాయిలు (ఆక్టేవులు) సరిపోతాయి. చిక్కంతా వేళ్ల దగ్గరే. కీ కింద ఉండేది స్ప్రింగు, కాస్త తాకినా మోగిపోతుంది. రెండేళ్లు దానికే అలవాటుపడిన పిల్ల అసలు పియానో ముందు కూర్చుంటే ఉంగరం వేలు, చిటికెన వేలు నొక్కిన స్వరాలు సరిగ్గా పలకవు. ఇదే కొంటే 'టచ్ సెన్సిటివ్' ఉన్నది చూడండి. అది లేకపోతే ఎంత గట్టిగా నొక్కినా శబ్దం ఒక్కటే.

88 కీల డిజిటల్ పియానో ఖరీదెక్కువే, అయినా మా ఓటు దీనికే. 'హామర్ యాక్షన్' అని ఉండాలి, అంటే కీ నొక్కితే అసలు పియానోలోలా సుత్తి బరువు వేలికి తెలియాలి. 'సెమీ వెయిటెడ్' అంటే మళ్లీ స్ప్రింగే. తీగల పియానోకి మన తీరపు తేమ పడదు, తరచూ శ్రుతి చేయించాలి. దీనికి ఆ బెంగ లేదు. ఊగని స్టాండు తీసుకోండి. మోచేయి కీల ఎత్తుకు రావాలి, కాళ్లు అందకపోతే కింద పీట వేయండి.

లండన్‌లోని ట్రినిటీ కాలేజీ నిర్వహించే సంగీత పరీక్షల్లో పియానోకి, ఎలక్ట్రానిక్ కీబోర్డుకి సిలబస్‌లు వేరు. టీచరుగారు ఏది చెప్తారో కొనే ముందే అడగండి.