అజేలియా: నేలలోనా, కుండీలోనా?

చలికాలంలో నర్సరీకి వెళ్తే ఆకు కనపడకుండా పూసిన అజేలియా కాళ్లు కదలనివ్వదు. తెచ్చుకున్నాక మొదలవుతుంది టెన్షన్. గోడ పక్కన నేలలో నాటాలా, కుండీలోనే ఉంచాలా?

నేలలో వేస్తేనే మొక్క ఏపుగా పెరుగుతుందని ఇంట్లో పెద్దవాళ్లంటారు. మందారానికైతే సరే. అజేలియా రోడోడెండ్రాన్ జాతి మొక్క. డార్జిలింగ్, ఊటీ లాంటి చల్లటి చోట్ల హాయిగా ఉంటుంది. దానికి పీహెచ్ (మట్టి పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.5 నుంచి 6 దాకా ఉండే పుల్లటి మట్టి కావాలి. హైదరాబాద్‌లో కాంపౌండ్ గోడ పక్కన గడ్డపార దింపి చూడండి, ఇల్లు కట్టినప్పుడు పూడ్చిన సిమెంటు పెళ్లలు, సున్నం బయటపడతాయి. అవి మట్టిలో పులుపును ఉండనివ్వవు. గంధకం పొడి కలిపితే పులుపు వస్తుంది కానీ, మట్టిలోని బాక్టీరియా ఆ పని చేయడానికి నెలలు పడుతుంది. ఈలోగా మనం రోజూ పోసే బోరు నీళ్లు దాన్ని వెనక్కి లాగుతుంటాయి. బకెట్ అంచుకు తెల్లగా పట్టే సున్నపు చార ఉందే, అదే వేర్ల దగ్గరా పేరుకుంటుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. మా మొదటి మొక్క అలాగే పోయింది.

అందుకే నా ఓటు కుండీకి. వేర్లు పైపైనే పాకుతాయి కాబట్టి లోతు కన్నా వెడల్పు ముఖ్యం. కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సగం, మాగిన ఆకుల ఎరువు పావు, ఎర్రమట్టి పావు. బూడిద, గుడ్డు పెంకులు వద్దు, అవి పులుపును చంపేస్తాయి. వేర్ల ముద్దను నీళ్లలో నానబెట్టి, అంచులు వేళ్లతో వదులు చేసి, మట్టికి అంగుళం పైకి ఉండేలా నాటాలి. లోతుగా పాతితే కుళ్లుతుంది. పైన ఎండుటాకులు పరిస్తే చాలు, మట్టిని తవ్వి గుల్ల చేయకూడదు. పోసేది వాన నీళ్లయితే మరీ మంచిది. ఏప్రిల్ వచ్చేసరికి కుండీని నీడకు జరపొచ్చు, నేలలో మొక్కకు ఆ వీలు లేదు. కుక్కపిల్ల ఉన్న ఇంట్లో మాత్రం అందని ఎత్తులో పెట్టండి, ఆకులు విషం.

ఇంత తంటా ఎందుకనుకునేవాళ్లకు నూరువరహాలు ఉండనే ఉంది. దానికీ పుల్లటి మట్టే ఇష్టం, కానీ మన ఎండకు బెదరదు. మా గోడ పక్కన ఇప్పుడు అదే ఉంది. అజేలియా తూర్పు బాల్కనీలో, వాన నీళ్ల డ్రమ్ము పక్కన.