ఓడుతున్న ఆటలో సగం పాయింటు: స్టేల్‌మేట్ మేలా, వరుస చెక్‌లు మేలా?

చదరంగం కొత్తగా నేర్చుకుంటున్నవారు బలం కోల్పోయాక ఎక్కువగా స్టేల్‌మేట్ మీదే ఆశ పెట్టుకుంటారు. డ్రాకు అదొక్కటే దారి కాదు. ఎదుటి రాజుకు ఆగకుండా చెక్ ఇస్తూ ఒకే స్థితిని మూడుసార్లు తెప్పించవచ్చు. ఎదుటివారికి ఆట కట్టడానికి చాలినన్ని పావులు మిగలకుండా చేయవచ్చు. ఈ మూడింటిలో దేన్ని ముందుగా వెతకాలన్నది తెలిసి ఆడేవారికి, తెలియక ఆడేవారికి మధ్య తేడా చాలా ఉంటుంది.

మొదట స్టేల్‌మేట్. ఎత్తు వేయవలసిన ఆటగాడి రాజుకు చెక్ లేదు, కాని అతనికి నియమం ఒప్పుకునే ఎత్తు ఒక్కటీ లేదు. అప్పుడు ఆట అక్కడికక్కడే డ్రా అవుతుంది. నలుపు రాజు ఒంటరిగా హెచ్8 మూలలో (అక్షరం నిలువు వరుసకు, అంకె అడ్డు వరుసకు గుర్తు) ఉందనుకోండి. తెలుపు తొందరపడి మంత్రిని జి6లో పెడితే, ఆ మంత్రి జి8, జి7, హెచ్7 మూడు గడులనూ కాపు కాస్తుంది గాని హెచ్8ను తాకదు. మంత్రి అంతటి ఆధిక్యం ఆ ఒక్క ఎత్తుతో సగం పాయింటుగా మారిపోతుంది. మూలలో ఉన్న రాజుకు గుర్రం గెంతు దూరంలో మంత్రిని నిలిపినప్పుడల్లా ఈ ప్రమాదం ఉంటుందని గుర్తుంచుకుంటే, గెలిచే పక్షాన ఉన్నప్పుడు చాలా ఆటలు చేజారవు.

అయితే ఇక్కడ డ్రా తెచ్చింది నలుపు ఆటగాడి నైపుణ్యం కాదు, తెలుపు చేసిన పొరపాటు. పైగా కదలగల బంటు ఒక్కటి మిగిలి ఉన్నా స్టేల్‌మేట్ కుదరదు. అందుకే బోర్డు మీద ఇంకా పావులున్నప్పుడు దాని కోసం ఎదురుచూడటం నా దృష్టిలో బలహీనమైన ప్రణాళిక.

వరుస చెక్‌ల సంగతి వేరు. నలుపు రాజు జి8లో, దాని బంటు జి7లో ఉన్నాయి. ఎఫ్7, హెచ్7 ఖాళీ. తెలుపు మంత్రి ఇ8కి వచ్చి చెక్ ఇస్తుంది. ఎఫ్8లో అడ్డుపెట్టడానికి పావు లేకపోతే రాజు హెచ్7కు పోక తప్పదు. మంత్రి హెచ్5కు వచ్చి మళ్ళీ చెక్ ఇస్తే, హెచ్6లోనూ అడ్డు దొరకనప్పుడు, రాజు జి8కే తిరిగి రావాలి. నలుపుకు మరో పక్క రెండు ఏనుగులు ఎక్కువ ఉన్నా వాటికి కదిలే అవకాశమే రాదు. ఇందులో ఎదుటివారి పొరపాటుతో పని లేదు; ప్రతి ఎత్తూ మీరే నిర్బంధిస్తున్నారు. ఎదుటి రాజు చుట్టూ బంట్ల గోడ చెదిరి, మీ మంత్రి బతికి ఉంటే, స్టేల్‌మేట్ కన్నా ముందు దీన్నే వెతకాలి.

వరుస చెక్‌కు ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) నియమాల్లో ప్రత్యేక సూత్రం లేదు. స్థితి మూడుసార్లు రావడం వల్లనే అది డ్రా అవుతుంది. ఆ మూడుసార్లూ వెంటవెంటనే రానక్కరలేదు, కాని పావులన్నీ అవే గడుల్లో ఉండాలి, ఎత్తు వేసే వంతు అదే ఆటగాడిది కావాలి, కోట కట్టుకునే హక్కుల వంటివీ మారకూడదు. టోర్నమెంట్‌లో ఇది దానంతటది జరగదు. మూడోసారి ఆ స్థితిని తెచ్చే ఎత్తు మీదైతే, దాన్ని బోర్డు మీద వేయకుండా స్కోరు కాగితం మీద రాసి ఆర్బిటర్‌ను, అంటే ఆట నిర్ణేతను, పిలవాలి. ముందే ఎత్తు వేసేసి తర్వాత అడిగితే ఆ అవకాశం అప్పటికి పోయినట్టే. అడగకుండానే ఆట ముగియాలంటే స్థితి ఐదుసార్లు రావాలి. బంటు కదలకుండా, పావు పోకుండా ఇరువైపులా 50 ఎత్తులు గడిచినా ఇలాగే అడగవచ్చు. 75 గడిస్తే డ్రా దానంతటదే అవుతుంది.

మూడో దారి పావులు చాలకపోవడం. ఒంటరి రాజు మీద రాజు, ఒక శకటు, లేదా రాజు, ఒక గుర్రం మాత్రమే మిగిలితే ఆట అక్కడితో ముగుస్తుంది. కాబట్టి ఎదుటివారి చివరి బంటు కోసం మీ గుర్రాన్ని బలి ఇవ్వడం చాలాసార్లు సరైన లెక్కే.

ఆ చివరి బంటు దొరకనప్పుడే స్టేల్‌మేట్ అసలు విలువ తెలుస్తుంది. తెలుపు రాజు ఇ5లో, బంటు ఇ6లో, నలుపు రాజు ఇ7లో ఉన్నాయి, వంతు నలుపుది. రాజు నేరుగా వెనక్కి ఇ8కే వెళ్ళాలి. తెలుపు రాజు డి6కు వస్తే నలుపు డి8కు వచ్చి ఎదురుగా నిలుస్తుంది; బంటు ఇ7కు వచ్చి చెక్ ఇస్తే రాజు ఇ8లో దాన్ని అడ్డుకుంటుంది. ఇప్పుడు తెలుపు బంటును వదులుకోవాలి, లేదా ఇ6కు వచ్చి స్టేల్‌మేట్ చేయాలి. మొదటి ఎత్తులో ఇ8కి బదులు డి8కు వెళ్ళి ఉంటే తెలుపు డి6తో గెలిచేది. ఇక్కడ స్టేల్‌మేట్ ఎవరో ఇచ్చినది కాదు, లెక్క తెలిసినవాడికి దక్కిన హక్కు. మంత్రులున్న ఆటలో వరుస చెక్ మేలు, రాజు, బంటు మాత్రమే మిగిలిన ఆటలో స్టేల్‌మేట్ మేలు అని నేను చెప్పేది ఇందుకే. కొత్తవారు ముందుగా సాధన చేయవలసింది ఈ రెండోదాన్నే, ఎందుకంటే ఇందులో ఊహించవలసిన ఎత్తులు తక్కువ, తప్పు వెంటనే కనబడుతుంది.

గెలిచే పక్షానికీ ఈ లెక్క కావాలి. 1895 నాటి ప్రసిద్ధమైన సావెద్రా స్థితిలో (తెలుపుకు రాజు, బంటు; నలుపుకు రాజు, ఏనుగు), బంటు సి8 చేరి మంత్రి అయితే నలుపు ఏనుగు సి4లో చెక్ ఇచ్చి బలి అవుతుంది; దాన్ని చంపగానే స్టేల్‌మేట్. అదే బంటు ఏనుగుగా మారితే తెలుపు గెలుస్తుంది.